అత్త చెప్పకుండా ఉంచిన మాట

మా మేనత్త చనిపోయి నెల కావస్తోంది. ఆ మధ్యాహ్నం నేను ఖరగ్‌పూర్ గోల్ బజార్లో మా గాజుల కొట్టు షట్టర్ దించి, టోటో రిక్షా కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. ఆసుపత్రి నుంచి మా అన్నయ్య ఫోన్ చేశాడు. "అత్త ఎల్లిపోనాదే" అన్నాడు. టోటో అతను ఎక్కుతారా దీదీ అని రెండుసార్లు అడిగాక ఎక్కాను. ఎక్కడికంటే ఆసుపత్రి అనబోయి ఇంటికి అన్నాను. మా ఇళ్ళున్న పూరీ గేట్ దాకా వచ్చేశాక తప్పు తెలిసి మళ్ళీ వెనక్కి తిప్పించాను. అతను విసుక్కున్నాడు గానీ నా మొహం చూసి ఊరుకున్నాడు.

బంధువులకి ఫోన్లు చేయడం అన్నయ్య చూసుకున్నాడు. ఇంకొక చోట కబురు చెప్పాల్సింది నేనే. క్రికెట్ వీడియో గేమ్ ఆడే తెలుగువాళ్ళ ఇంటర్నెట్ గ్రూపు ఒకటుంది. అందులో "మన ఖరగ్‌పూర్ అత్త ఇక లేరు" అని రాశాను. ఒకప్పుడైతే అత్తకి దగ్గు వచ్చిందని అక్కడ రాస్తే సాయంత్రానికల్లా మిరియాలు, తులసి, పసుపు పాలు అంటూ గ్రూపంతా నిండిపోయేది. ఈసారి మర్నాటి వరకూ ఒకే ఒక్క జవాబు వచ్చింది. కొత్తగా చేరినవాడెవడో అడిగాడు, "ఏ అత్త?" అని.

నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆ పిల్లాడి తప్పేముంది అనిపించింది. అతనికి తెలియదు, తెలిసినవాళ్ళు అక్కడ లేరు. అతనికి చెప్పాల్సిన జవాబే మీకు చెబుతున్నాను.

అత్త మా నాన్న చెల్లెలు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా స్టేషన్లో అనౌన్సరు. మీలో ఎవరైనా ఆ రోజుల్లో కలకత్తా వైపు వెళ్తూ ఖరగ్‌పూర్‌లో బండి మారి ఉంటే, ఆవిడ మాట విని ఆ చివరి ప్లాట్‌ఫారానికి పరుగెత్తే ఉంటారు. బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పేది. తెలుగులో చెప్పే పని ఎప్పుడూ పడలేదు. ఊళ్ళో ఏ గల్లీకి వెళ్ళినా మనవాళ్ళే ఉన్నా, రైల్వే వర్క్‌షాపు కట్టిన నాటి నుంచి తాతలూ ముత్తాతలూ ఇక్కడే ఉన్నా, మైకులో మన మాటకి చోటు లేదు. అత్త దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించేది కాదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టే తెలుగు మాత్రం మళ్ళీ డ్యూటీ ఎక్కే దాకా ఆగేది కాదు.

తర్వాత స్టేషన్‌కి మిషను వచ్చింది. ఎవరో ఎక్కడో రికార్డు చేసిన మాటల్ని, అంకెల్ని, ఊళ్ళ పేర్లని అతికించి అదే చెప్పడం మొదలుపెట్టింది. అత్తని ఎంక్వైరీ కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆవిడకి ఆ మిషను మీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు. ముఖ్యంగా బండి ఆలస్యమైనప్పుడు అసౌకర్యానికి చింతిస్తున్నామని అది చెప్పే తీరు మీద.

"దానికి సింత ఏటే? అది ఎవులి కోసమైనా ఎదురుసూసిందా, పస్తులుందా? నాను సెప్పినప్పుడు నిజింగా బాదపడి సెప్పేదాన్ని. ఆడోల్లు పిల్లల్నెట్టుకుని ప్లాట్‌ఫారం మీద కూకున్నారు, కనబడతన్నారు కదా నాకు" అనేది.

ఆవిడ అలవాటు ఒకటి చెప్పాలి. పూరీ గేట్‌లో మా ఇళ్ళు పట్టాలకి దగ్గర. బండి వెళ్తుంటే మాట వినబడదు, అందరం గొంతు పెంచుతాం. అత్త పెంచేది కాదు. చూపుడు వేలు ఎత్తి, నోరు మూసుకుని, బండి మొత్తం వెళ్ళే దాకా ఆగేది. వెళ్ళాక, ఏ మాట దగ్గర ఆపిందో సరిగ్గా ఆ మాట నుంచే అందుకునేది. "వంకాయల్లో కారం" అని ఆగి, గూడ్సు బండి పూర్తిగా పోయాక "ఎక్కువైపోనాది" అనేది. కొత్తవాళ్ళకి ఈ ఎక్కువైంది ఏమిటో అర్థమయ్యేది కాదు.

ఇక ఆట సంగతి. మా బజారు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. ఆ నడిమి వేళ అందరూ నిద్రపోతారు, నేను కంప్యూటర్లో క్రికెట్ ఆడతాను. పెళ్ళి చేసుకోవలసిన వయసులో ఇదేం పిచ్చి అన్నవాళ్ళు ఇప్పుడు అనడం మానేశారు, వయసు దాటిపోయింది కనక. అలా ఆడుతూ ఆడుతూ ఆ గ్రూపులో చేరాను. ఆటని కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు ఆడి ఊరుకోవడం ఆ గ్రూపువాళ్ళకి చేతకాదు. ఒకాయన మన ఊళ్ళ మైదానాలు గీసి అందులో పెడతాడు, ఇంకొకాయన ఆటగాళ్ళ మొహాలు సరిచేస్తాడు. పైసా తీసుకోరు. ఎవరికి కావాలంటే వాళ్ళు దించుకుని తమ ఆటలో కలుపుకోవచ్చు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకాయనకి ఆటలో తెలుగు కామెంటరీ పెట్టాలని పట్టుదల పుట్టింది. ఆయన్ని నేను తమ్ముడూ అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేవాడు. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. గొంతు ఇస్తామని ముందుకొచ్చినవాళ్ళందరూ వార్తలు చదివినట్టు చదువుతున్నారని గోల పెడుతుండేవాడు.

ఒక రోజు అత్త మా ఇంట్లో నా వెనకాల కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆటలో ఇంగ్లీషు కామెంటేటర్ అరుస్తున్నాడు.

"ఆ దొరకి ఏటైనాదే? బంతి సూడకుండానే అరుస్తన్నాడు. ముందు సూసి, మరి సెప్పాల."

తెలుగు గొంతు కోసం వెతుకుతున్నారని నేను ఊరికే చెప్పాను. అత్త చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టింది. "నాను సెప్తాను" అంది. చీర కొంగు సర్దుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది కూడా.

ఉద్యోగం మొదట్లో రైల్వే గ్రౌండులో డిపార్టుమెంట్ల మధ్య మ్యాచ్‌లు జరిగినప్పుడు స్టేషన్ నుంచి అత్తనే పంపేవారట, మైకులో స్కోరు చెప్పడానికి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో నేను వివరించబోతే నా మొహంకేసి జాలిగా చూసింది.

ఇనప బీరువా తలుపు తెరిచి, బయటి చప్పుళ్ళు రాకుండా రెండు బొంతలు వేలాడదీసి, వాటి మధ్య అత్తని కూర్చోబెట్టి రికార్డు చేసేదాన్ని. ఆటలో కామెంటరీ ఒక్క వాక్యంగా ఉండదు. అవుట్ అయితే ఒక ముక్క, క్యాచ్ వదిలేస్తే ఒక ముక్క, అంకెలు విడివిడిగా. ఆటలో జరిగినదాన్ని బట్టి అవి కలుస్తాయి. ఇది చెప్పినప్పుడు అత్త నవ్విన నవ్వు మర్చిపోలేను. "అంటే నన్నే మిషను సేసీస్తన్నావేటే" అంది. అని, మళ్ళీ బొంతల మధ్యకి వెళ్ళి కూర్చుంది.

మేం చేసిన కొద్దీ ఆటలో పెట్టి చూసేవాళ్ళం. తెలుగు ముక్క ఉన్న చోట అత్త మాట్లాడేది, ఇంకా చెప్పని చోట ఆట దానంతటదే పాత ఇంగ్లీషు దొరని తెచ్చుకునేది. ఒక బంతికి అత్త, ఒక బంతికి దొర. "దొరతో కాపరం సేస్తన్నట్టుందే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మైకు ముందు నవ్వకూడదన్నది ఆవిడ నియమం, వెనకాల ఎంతైనా నవ్వుకోవచ్చు.

మొదటి ముక్కలు పంపిన మర్నాడు గుంటూరు తమ్ముడు ఫోన్ చేశాడు. ఏదో మొహమాటపడుతున్నాడు.

"అక్కా, అత్తయ్యగారి గొంతు అద్భుతంగా ఉందండీ. చిన్న సందేహం. సిక్స్ కొట్టినప్పుడు చొక్కా ఎవరు కొట్టేశారండీ?"

నాకు అర్థం కాలేదు. మళ్ళీ విన్నాను. "సొక్కా! సొక్కా కొట్టీసినాడు!" అని అత్త అరుస్తోంది. ఇందులో తప్పేముంది? సిక్స్ కొడితే సొక్కాయే కదా.

"ఫోర్ కొట్టినప్పుడేమో సార్ అంటున్నారు. సార్, సార్ కొట్టినాడు అని. గౌరవం కోసమా అండీ?"

అప్పుడు వెలిగింది నాకు. ముప్పై దాటిన మనిషిని, అంతవరకూ అవి తెలుగు మాటలే అనుకుంటున్నాను. బెంగాలీవాళ్ళు సిక్స్‌ని ఛొక్కా అంటారు, ఫోర్‌ని చార్ అంటారు. మా పూర్వీకులు శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న నాలుక మీద చ అంత తేలిగ్గా నిలవదు, స అయిపోతుంది. అలా మా రైల్వే గ్రౌండులో తెలుగు పిల్లలందరికీ ఛొక్కా సొక్కా అయింది, చార్ సార్ అయింది. వేసుకునేదీ సొక్కాయే, కొట్టేదీ సొక్కాయే. మాకు ఎప్పుడూ తికమక రాలేదు, వినేవాళ్ళు కూడా మేమే కాబట్టి.

సిక్సర్ అని మళ్ళీ చెప్పమని తమ్ముడు మర్యాదగా అడిగాడు. అత్త ఒప్పుకోలేదు. "సొక్కాని సొక్కా అనక ఏటంతారు?" అంది. చివరికి ఆయన అలాగే ఉంచి అందరికీ విడుదల చేశాడు.

గ్రూపు ఊగిపోయింది. ఎవడు సిక్స్ కొట్టినా కింద అందరూ సొక్కా, సొక్కా అని రాయడమే. నల్గొండవాళ్ళు రాశారు, రాజమండ్రివాళ్ళు రాశారు, దుబాయ్‌లో డ్రైవింగ్ చేసుకునే ఆయన రాశాడు. పది మంది పది రంగుల చొక్కాలు గాల్లో ఎగురుతున్న బొమ్మలు చేసి పెట్టారు. అత్తయ్యగారు కాస్తా అందరికీ అత్త అయిపోయింది. నేను కొట్టు నుంచి రాగానే "సూపించు, ఏటి రాసినారో" అని కళ్ళజోడు పెట్టుకుని నా ఫోన్ లాక్కునేది. ఒక్కొక్కటీ పైకి చదివేది. జీవితమంతా మైకులో మాట్లాడిన మనిషికి ఎదుటివాళ్ళు జవాబివ్వడం అదే మొదటిసారి.

అలా చదువుతూ ఒక రోజు ఆగిపోయింది. బండి ఏమీ రాలేదు, ఊరికే ఆగింది. నేను ఫోన్ తీసుకుని చూశాను. "ఇది తెలుగా, బెంగాలీయా? వింటుంటే చిరాగ్గా ఉంది. తీసి సరైన తెలుగు పెట్టండి" అని ఎవరో రాశారు. దాని కింద ఔనన్నవాళ్ళు కొందరున్నారు.

"ఈల్లు సదువుకున్నోల్లేనేటే?" అంది అత్త నెమ్మదిగా.

"ఒదిలీ అత్తా. పనీ పాటా నేనోల్లు."

"కాదే. ఇక్కడ బెంగాలీవోల్లు మనల్ని తెలెంగీవోల్లంతారు. అక్కడికెల్తే మనవోల్లు బెంగాలీవోల్లంతారు. మరి మనది ఏ బాసే?"

మర్నాడు అత్త అన్నీ మళ్ళీ చెబుతానంది, పుస్తకంలో ఉన్నట్టు. బొంతల మధ్య కూర్చుని, "అద్భుతమైన షాట్. బంతి బౌండరీ రేఖను దాటింది" అని ఎక్కడా ఒక్క స జారకుండా చెప్పింది. గొంతు చక్కగా ఉంది, తప్పు పట్టడానికేమీ లేదు. వినిపించాను. అత్త తల వంచుకుని చివరి దాకా విన్నది.

"ఇది నాను కాదు. స్టేషన్లో మిషను ఇది. సెరిపీ" అంది.

చెరిపేశాను. ఆ తర్వాత ఎవరేం రాసినా అత్త నవ్వి ఊరుకునేది, కానీ ఆ ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతుండేది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, ఉన్నట్టుండి "మరి మనది ఏటే?" అనేది.

గ్రూపువాళ్ళు తమలో తాము ఇంటర్నెట్ మీద పోటీ పెట్టుకున్నప్పుడు ఫైనల్‌కి అత్తచేత అప్పటికప్పుడు కామెంటరీ చెప్పించారు. అత్త పట్టు చీర కట్టుకుంది, ఎవరికీ కనబడదని తెలిసి కూడా. "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే" అని స్టేషన్లో లాగే మొదలుపెట్టేసరికి అందరూ పడీ పడీ నవ్వారట. ఆట మంచి పట్టులో ఉండగా బండి వచ్చింది. "గాల్లోకి లేసింది, కింద ఫీల్డరు" అని అత్త వేలెత్తి ఆగిపోయింది. గూడ్సు. అక్కడ క్యాచ్ పట్టారు, మనిషి అవుట్ అయ్యాడు, ఇంకొకడు బ్యాటింగుకి వచ్చాడు. వినేవాళ్ళకి కూత తప్ప ఏమీ లేదు. అంతా సద్దుమణిగాక అత్త "ఉన్నాడు!" అని అరిచింది. ఆ రోజు ఆవిడ మొహం చూడాల్సింది మీరు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే గొంతు బొంగురుపోవడం మొదలైంది. ఆటల కోసం అరిచి పాడుచేసుకుందని మా వాళ్ళు నన్ను దెప్పారు. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. గొంతులో గడ్డ, ముదిరిపోయింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుంది, చేయకపోతే మనిషి పోతుంది. ఇంత స్పష్టంగా చెప్పినవాడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

అత్త అడిగిన మొదటి మాట "మనకింకా ఎన్ని ముక్కలున్నాయే?" అని.

పరుగు మొదలైంది. రోజూ మధ్యాహ్నం కూర్చునేవాళ్ళం. నొప్పి వచ్చినప్పుడు వేడినీళ్ళు పుక్కిలించి మళ్ళీ చెప్పేది. మ్యాచ్ ఓడిపోతే చెప్పాల్సినవి, గెలిస్తే చెప్పాల్సినవి మిగిలాయి. గెలుపు ముందు చెప్పేయమన్నాను. అత్త ఒప్పుకోలేదు. అనౌన్సర్ల పని పద్ధతి అది కాదంది. ఆలస్యం కబురు తెలిసిన వెంటనే చెప్పాలి, జనం సిద్ధపడతారు. వచ్చే కబురు మాత్రం బండి స్టేషను ముందరి హోం సిగ్నల్ దాటాకే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి తొందరపడి బండి వచ్చేస్తోందని చెప్పేసిందట. అది స్టేషను బయటి సిగ్నల్ దగ్గర, అవుటర్‌లో ఆగిపోయిందట. పిల్లల్ని చంకనేసుకుని మూటలతో నిలబడ్డవాళ్ళు ఎండలో అలాగే నిలబడిపోయారట.

అందుకని ఓటమి మాటలు ముందు చెప్పింది. అప్పటికి గొంతులో సగం గాలే. మైకు దగ్గరికి వంగి, స్టేషన్లో చెప్పినట్టే, కానీ జీవితంలో మొదటిసారి ఆ మాట తెలుగులో చెప్పింది.

"ఓడిపోనాం. కలిగిన అసౌకర్యానికి సింతిస్తన్నాం."

నేను మైకు ఆపేసి బయటికి వెళ్ళిపోయాను. కాసేపు పోయాక వచ్చి బాగుందని చెప్పాను.

ఆపరేషన్‌కి ముందు రోజు బొంతలు కట్టి అంతా సిద్ధం చేశాను. ఇంక ఒక్కటే మాట. "గెలిసినాం అని సెప్పీ అత్తా. ఒక్కపాలి. సెప్పీసి ఎల్దాం" అని బతిమాలాను. బతిమాలుతూ ఏడ్చేశాను కూడా.

అత్త నా తల నిమిరింది. "బండి ఇంకా అవుటర్‌లోనే ఉందే" అంది. "ఇంటికొచ్చినాక సెప్తాను."

మాట పోతుందని ఆవిడకి తెలుసు. డాక్టరు ఆవిడ ముందే చెప్పాడు. తెలిసే అందో, ఏదైనా మిగులుతుందని ఆశపడే అందో, నాకు ఈ రోజుకీ తెలియదు. నేను అడగలేదు, అడిగే వీలున్నది ఆ ఒక్క రోజే.

ఆపరేషన్ అయ్యాక ఇంకా కొన్ని నెలలు ఉంది. పలక మీద రాసేది, తర్వాత రాయడం కూడా మానేసింది. మళ్ళీ ఆసుపత్రిలో చేరినప్పుడు నేను పక్కన కూర్చుని కొట్టు కబుర్లు చెబుతుంటే దూరంగా బండి వెళ్ళింది. అత్త వేలెత్తింది. మాట్లాడుతున్నది నేను, ఆవిడ కాదు. ఇద్దరం బండి వెళ్ళే దాకా ఆగాం. వెళ్ళాక వేలు దించి నాకేసి చూసింది, చెప్పు అన్నట్టు. అంతవరకూ ఏం చెబుతున్నానో నాకు గుర్తు రాలేదు.

ఈ లోపల ఆట కూడా మారిపోయింది. కంపెనీ ఏదో కొత్త అప్‌డేట్ పంపింది. బయటివాళ్ళు కలిపిన శబ్దాలేవీ దాని తర్వాత పనిచేయవు. ఉదయం దాకా అందరి ఆటల్లో ఉన్న అత్త సాయంత్రానికి లేదు. గుంటూరు తమ్ముడు చాలా రోజులు తంటాలు పడ్డాడు. "నా వల్ల కావట్లేదక్కా" అని చెప్పినప్పుడు ఆయన గొంతు కూడా బాగాలేదు. తర్వాత కొత్త ఆట వచ్చింది, జనం అందులోకి వెళ్ళిపోయారు. ఆయనకి పాప పుట్టింది. ఎవరినీ ఏమీ అనలేను. ఆట అన్నాక పాతదవుతుంది.

అప్‌డేట్ సంగతి తెలిసిన వెంటనే, అది మా ఆటలోకి దిగకముందే, నేను మా కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీగ పీకేశాను. ఇప్పుడు అత్త మాట్లాడేది ఆ ఒక్క డబ్బాలోనే. ఫ్యాను గరగరమంటోంది, అప్పుడప్పుడు మధ్యలో ఆగిపోతోంది. కంప్యూటర్లు బాగుచేసే అతను విప్పి చూసి, "ఇసకా పార్ట్ నహీ మిలేగా దీదీ" అని, ఆ పార్టు ఇక దొరకదని తేల్చి మళ్ళీ మూసేశాడు.

రికార్డు చేసిన ముక్కలన్నీ నా ఫోన్లో ఉన్నాయి కదా అని మీరనుకోవచ్చు. ఉన్నాయి. నొక్కితే "నలభై" అంటుంది, ఇంకోటి నొక్కితే "అవుట్" అంటుంది. అది విని ఏం చేసుకోను? ఆటలో అలా కాదు. నేను బంతి వదిలేస్తే అప్పుడు తిడుతుంది. బాగా కొడితే అప్పుడు అరుస్తుంది. నేను చేసినదాన్ని చూసి అన్నట్టు ఉంటుంది. లేదని తెలుసు, అయినా ఉంటుంది.

అత్త పోయాక తమ్ముడు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. ఉన్న ముక్కల్తో కంప్యూటర్ చేతే అత్త గొంతులో గెలుపు మాట చెప్పించవచ్చన్నాడు. చేసి పంపాడు కూడా, పాపం, ప్రేమతోనే. విన్నాను. అచ్చం అత్త గొంతే. "గెలిచినాం" అంది. ఆ చ ఎక్కడా తొట్రుపడలేదు, శుభ్రంగా ఉంది. స్టేషన్లో ఒకసారి మిషను మా అత్తని కుర్చీలోంచి లేపేసింది. రెండోసారి నా చేతుల్తో నేను లేపలేను. వద్దని చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు.

అత్త కార్యం అయిన మర్నాడు ఒక మ్యాచ్ ఆడాను. ఆఖరి బంతికి ఆరు కావాలి. కొట్టాను. "సొక్కా! సొక్కా కొట్టీసినాడు!" అని అత్త గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు పూర్తయిందో లేదో, దొర అందుకున్నాడు. గెలుపు ముక్క తెలుగులో లేదు కదా. వాడి మానాన వాడు ఇంగ్లీషులో అభినందనలు చెప్పుకుంటూ పోయాడు, నేను డబ్బా ఆపేసే దాకా.

అప్పటి నుంచి నేను గెలవడం లేదు. ఆట ఎంత దగ్గరికి వచ్చినా చివర్లో వదిలేస్తాను. ఓడిపోతే అత్త ఉంటుంది.

ఈ మధ్యాహ్నం కూడా షట్టర్ దించి వచ్చి కూర్చున్నాను. ఆఖరి బంతి, ఆరు కావాలి. బౌలర్ వేశాడు. నేను బ్యాటు కదపలేదు. బంతి వచ్చి కీపర్ చేతుల్లో పడితే ఇంక అత్త ఓటమి మాట చెబుతుంది. సరిగ్గా అప్పుడే పట్టాల మీద బండి చప్పుడు మొదలైంది. ఆ చప్పుడులో మాట వినబడదు. నా వేలు దానంతటదే లేచి ఆట ఆపే మీట నొక్కింది. బంతి గాల్లో ఆగింది. గూడ్సు బండి, పొడుగాటిది, కిటికీ ఊచలు అదురుతున్నాయి. వెళ్ళింది. ఆఖరి పెట్టె చప్పుడు కూడా సద్దుమణిగింది. బంతి ఇంకా గాల్లోనే ఉంది, నేనింకా మళ్ళీ మీట నొక్కలేదు.